మినతి సబర గదికి కొలతలు

గుణుపురం స్టేషను దాటాక
జీడిపిక్కల గోదాం మేడ మీద పాత మేనేజరు గది.
పదహారడుగుల పొడవు, పన్నెండు వెడల్పు.
మా నాన్న చేతి పని:
టేకు తలుపు, దానికి ఇత్తడి పిడి,
ఎదటివాడి కుర్చీ కంటే నాలుగంగుళాలు ఎత్తైన కుర్చీ.
ఆ నాలుగంగుళాలూ అడిగి మరీ చేయించుకున్నాడట.
బల్ల మీద గంట.
అది మోగితే మెట్ల కింద ఎవరో ఒకరు లేచేవారు.

ఇప్పుడు కంపెనీ ఆడవాళ్ళది.
నాలుగువందల పన్నెండు మంది వాటాదారులు,
వాళ్ళకి పెద్ద మినతి సబర. ముప్పై నాలుగేళ్ళుంటాయి.
"మిస్త్రీ, ఆ గది మార్చాలి" అని ఫోను చేసింది.
రాత్రంతా కూర్చుని గీశాను,
విశాఖపట్నంలో చూసొచ్చిన ఆఫీసుల్లాగ:
గాజు గోడ, తిరిగే కుర్చీ, వంపు బల్ల,
మూల ఒక మొక్క.
కాయితం ఇటు తిప్పి, అటు తిప్పి
"బాగుంది. ఇందులో నేనెక్కడున్నాను?" అంది.
కుర్చీ చూపించాను.
నవ్వింది.
"రేపొక్క రోజు నా వెనకాల తిరుగు. టేపు తెచ్చుకో."

ఆరున్నరకి కాటా దగ్గర.
చీటీ రాయడానికి ఆసరా లేక
ఎవరినో వంగమని, ఆ వీపు మీద రాసింది.
వీపు ఎత్తు నలభై రెండంగుళాలు. రాసుకున్నాను.
తొమ్మిదికి బరంపురం వ్యాపారితో ఫోను,
గోదాం చుట్టూ మూడు చుట్లు.
అవతల ధర తగ్గినప్పుడల్లా ఇవతల నడక జోరయ్యేది.
ఒడియాలో బేరం, తెలుగులో తిట్టు,
ఫోను పెట్టేశాక సవర మాటలో ఏదో అని ఒక్కతే నవ్వుకుంది.
పదకొండుకి బ్యాంకాయన.
ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి
తను రెండు మెట్లు కింద నిలబడి
కళ్ళలోకి చూస్తూ అప్పు లెక్క చెప్పింది.

రెండు దాటాక
పిక్కలు కొట్టే చోటు నుంచి ఒకామె వచ్చింది,
జీడి కారి వేళ్ళు పొక్కి.
ఏదో చెప్పబోయి చుట్టూ చూసి మింగేసింది.
ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక మినతి
బస్తాల మధ్య సందులోకి తీసుకెళ్ళింది.
ఆ సందు ఎంత వెడల్పో నేను కొలవలేదు.
అటు తిరిగి నిలబడ్డాను.

సాయంత్రం లెక్క చూస్తే
రోజు మొత్తం మీద ఆవిడ కూర్చున్నది పదకొండు నిమిషాలు,
అదీ కాల్లో ముల్లు తీసుకోడానికి.
నా కాయితం చింపలేదు. వెనక వైపు గీశాను.

తలుపు ఊడదీశాం.
ఉలి పెట్టగానే సీల కిర్రుమంది.
నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.
చిత్రిక పడితే పాత వార్నీషు కింద
నిన్న కోసిన టేకు వాసన.
పిడి ఉన్న చోట కన్నం మిగిలింది.
పూడుస్తానంటే వద్దంది,
చీటీల దారం దూర్చుకోవచ్చంది.
తలుపుకి నలభై రెండంగుళాల కాళ్ళు వేసి
కాటా పక్కన నిలబెట్టాం.
అంతే, అదే ఆఫీసు.

మేడ మీద గదిని చెక్క గోడతో చిన్నది చేశాను.
మామిడి చెక్క తలుపు, గడియ లోపలి నుంచి మాత్రమే.
రెండు పీటలు, కూజా, కిటికీ.
పేరు రాస్తామని కుర్రాళ్ళు రంగు డబ్బా తెచ్చారు.
ఏ పేరూ రాయనివ్వలేదు.

తప్పూ చేశాను.
బయటి బెంచీ నా మోకాలి కొలతకి కొట్టాను.
ముసలి వాటాదారులకి కాళ్ళు నేలకందక
బడిపిల్లల్లాగ ఊపుకుంటూ కూర్చున్నారు.
మూడంగుళాలు కోయించింది. ఆ కూలి ఇవ్వలేదు.

గంట తూకం రాళ్ళ పెట్టెలో పడుంది.
రాయి తగిలినప్పుడల్లా మోగుతుంది.
ఎవరూ లేవరు.

మొన్న బిల్లు సంగతి అడగడానికి వెళ్ళాను.
"టికే రొహొ మిస్త్రీ" అని, తలెత్తకుండానే చెయ్యి చాపింది.
చెవి మీది పెన్సిలు తీసిచ్చాను.
ఆవిడ రాస్తూంటే
ఇటు వైపు నా మోచేతులు ఆన్చి నిలబడ్డాను.
ఎత్తు సరిగ్గానే కుదిరింది.
బిల్లు సగం వచ్చింది.
పెన్సిలు ఇంకా రాలేదు.